గొంతుకు తగ్గ మైకు

కాలేజీ వార్షికోత్సవంలో పాట పాడి పరువు పోగొట్టుకొన్నవాళ్ళు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. నేనూ వారిలో ఒకణ్ణి. తేడా ఏమిటంటే, మిగతావాళ్ళు మరుసటి ఏడు మళ్ళీ స్టేజీ ఎక్కి పాడారు. నేను మాత్రం నలభై ఏళ్ళు నోరు మూసుకొన్నాను.

అది 1983. హాస్టల్ స్నానాల గదిలో నా పాటకు మంచి పేరుండేది. (స్నానాల గదిలో ఎవరి పాటకు పేరుండదు గనుక? నాలుగు గోడలూ వంత పాడతాయి.) ఆ పేరు నమ్ముకొని మావాళ్ళు నన్ను స్టేజీ మీదికి తోశారు. నాకు ముందు బి.ఎస్సీ. అమ్మాయి ఒకామె పాడింది. సన్నని గొంతు. హాలు చివర కిటికీలెక్కి కూచున్నవాళ్ళ దాకా మాట మాటా తేటగా వినిపించింది. తరువాత నా వంతు. ఘంటసాల వారంతటివాణ్ణి అనుకొంటూ మైకు తలకాయను పిడికిట బిగించి, పెదవులకు ఆనించి, కళ్ళు మూసుకొని అందుకొన్నాను. మంద్రంలో మొదలయ్యే పాట. నాలుగు మాటలు పాడానో లేదో, ఖాళీ గోలెంలో తల పెట్టి మాట్లాడినట్టు హాలంతా గుమగుమలాడింది. ఒక్క అక్షరం ఎవరికీ తెలియలేదు. చరణం దగ్గర గొంతు పెంచబోతే మైకు కుయ్యోమని కూత పెట్టింది. ఆ కూతకు వచ్చిన చప్పట్లు ఆ సాయంత్రం మరే పాటకూ రాలేదు.

దిగి వస్తుంటే తీగలు చుట్టుకొంటున్న పెద్దమనిషి ఒకాయన, ఎవరో నాకు నేటికీ తెలియదు, "బాబూ, నీ గొంతు మైకుకు పనికిరాదు" అన్నాడు. కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. ఈ చెప్పు నీ కాలికి పట్టదు అన్నంత మామూలుగా అన్నాడు. కోప్పడి ఉంటే నాలుగు రోజుల్లో మరచిపోయేవాణ్ణేమో.

ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు, అన్నీ అయ్యాక పదవీ విరమణ చేసి మా ఊరు కోహీరు చేరుకొన్నాను. కోహీరంటే మీలో చాలామందికి జామపండ్లు జ్ఞాపకం రావచ్చు. ఎర్రనేల, ఎర్రరాయి గోడలు, ఇంటి వెనక జామతోట, తోటలో చిలకలు, దూరంగా కోహీర్ దక్కన్ స్టేషనులో రైలు కూత. బీదరు దగ్గర కాబట్టి మా మాటలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిసి ఉంటాయి. ఇంట్లో మా అమ్మ ఉంది. ఎనభై నాలుగేళ్ళు. చెల్లెలు జహీరాబాదులో ఉంటుంది, వారానికోసారి బస్సెక్కి వస్తుంది.

ఇలా ఉండగా అమెరికాలో ఉన్న చెల్లెలి బిడ్డకు పెళ్ళి కుదిరింది. పెళ్ళి అక్కడే. అమ్మ వెళ్ళే పరిస్థితి లేదు. పిల్ల ఫోను చేసి, "మామా, అమ్మమ్మ అప్పగింతల పాట రికార్డు చేసి పంపు. పంపకాల నాడు అదే పెట్టుకొంటాం" అంది. ఆ పాటకు పుస్తకం లేదు, క్యాసెట్టు లేదు. అమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. మధ్యలో రెండు చరణాలు కన్నడంలో ఉంటాయి. ఇప్పుడు ఆ పాట ఉన్నది అమ్మ నోట్లో మాత్రమే. చెల్లెలికి సగం వచ్చు. నాకు చిన్నప్పుడు వచ్చేది.

దానికేం భాగ్యమనుకొని ఫోను తీసి అమ్మ ముందు పెట్టాను. పాడింది. మళ్ళీ పెట్టి వింటే, అమ్మ రాగం తీసి నిలిపిన చోటల్లా గొంతు సన్నగిల్లి మాయమై, మాట రాగానే మళ్ళీ ప్రత్యక్షమౌతోంది. తరువాత తెలిసింది. ఫోను మాట కోసం పుట్టింది. మాటల మధ్య ఒకే తీరున సాగే చప్పుణ్ణి పంకా రొద కింద జమకట్టి అణిచేసే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. మా అమ్మ ఆలాపన దాని లెక్కకు పంకా రొద! ఆ ఏర్పాటు తీసేసే రికార్డింగు అప్లికేషన్లు ఉన్నాయనుకోండి. అయినా అప్పటికే నాకు మైకు పిచ్చి పట్టింది.

వెదికి వెదికి కండెన్సర్ మైకు ఒకటి తెప్పించాను. బంగారు రంగు జాలీ, గాజుగ్లాసంత లావు, దానికొక ఊయల తొట్టి లాంటి పట్టెడ. చూస్తే పూజలో పెట్టుకోవాలనిపిస్తుంది. సినిమా పాటల రికార్డింగు బొమ్మల్లో సుశీలగారి ముందు, జానకిగారి ముందు ఇలాంటివే చూశాం కదా, ఇక మనకు తిరుగులేదనుకొన్నాను.

మొదటి రోజు ఆ మైకులో మా అమ్మ పాట తప్ప అన్నీ పడ్డాయి. చిలకలు పడ్డాయి. వీధిలో సైకిలు గంట పడింది. వంటింట్లో కుక్కర్ కూత పడింది. అన్నింటికన్నా ముఖ్యంగా మా గది పడింది. రాతి గోడలు, కింద షాబాదు బండలు. పాడిన ప్రతి మాటా గోడకు కొట్టుకొని తిరిగి వచ్చి మళ్ళీ మైకులో దూరింది. చెల్లెలి గొంతు ఎప్పుడూ కంచు మోగినట్టుంటుంది. బతుకమ్మ నాడు ఆమె ఎత్తుకొంటే పక్క వాడకు వినిపిస్తుంది. అలాంటి గొంతు ఇందులో "స" అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంది. అమ్మ సంగతి వేరు. "ఏంరా, గా డబ్బ ముంగట కూసోని నేను పాడ. నోట్లె పెట్టెటట్టున్నవ్" అని లేచి పోయింది.

విసుగొచ్చి మైకును సంచిలో వేసుకొని జహీరాబాదు వెళ్ళాను. అక్కడ సౌండ్ సర్వీసు నడిపే భాయ్ ఒకాయన ఉన్నాడు. పెళ్ళిళ్ళకు, ఉర్సులకు, వినాయక చవితికి ముప్పై ఏళ్ళుగా మైకులు కడుతున్న మనిషి. ఖవ్వాలీ వాళ్ళ గొంతులు, భజన మండళ్ళ గొంతులు, ఎన్నికల నాయకుల గొంతులు, అన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. నా మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి మైకే సార్. పాడెటోళ్ళ గొంతెట్లుంటది?" అన్నాడు. నేను మైకు ధర, దాని పట్టిక, ఎన్ని హెర్ట్జుల నుంచి ఎన్ని హెర్ట్జుల దాకా వింటుందో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "పైలే గొంతు వినాలె సార్, బాద్‌మే మైకు కొనాలె. మీరు ఉల్టా చేసిన్రు" అన్నాడు.

ఆ పూట ఆయన దుకాణంలో బల్ల మీద కూచుని నేర్చుకొన్నది, తరువాత ఇంటికొచ్చి చదివి సరిచూసుకొన్నది కలిపి చెబుతాను. విజ్ఞాన శాస్త్రం వాళ్ళు నవ్వుకోకుండా చదవండి.

మైకులో ఉండేది ఒక చిన్న చెవి. చెవిలో పొర. శబ్దం తగిలితే పొర ఆడుతుంది, ఆ ఆటను కరెంటుగా మార్చాలి. మార్చే దారులు రెండు మనకు ముఖ్యం. పొరకు సన్నని తీగచుట్ట అంటించి అయస్కాంతం నడుమ ఆడిస్తే అది డైనమిక్ మైకు. సభల్లో చేత పట్టుకొనేది ఎక్కువగా ఇదే. పొర తీగచుట్టను మోయాలి కాబట్టి కాస్త బద్ధకం. అతి సన్నని ధ్వనులను, బాగా దూరపు ధ్వనులను పెద్దగా పట్టించుకోదు. 1966లో అమెరికాలో షూర్ కంపెనీ తెచ్చిన ఎస్.ఎం. 58 ఈ జాతిలో అందరికీ తెలిసినది. దాని కంపెనీ పట్టికలోనే 50 నుంచి 15,000 హెర్ట్జుల దాకా అని ఉంటుంది. ఆ పైన దానికి వినిపించదన్న మాట, లేదా వినదలచుకోదు.

రెండోది కండెన్సర్. తీగచుట్ట లేదు. ఒక లోహపు పలక, దాని ఎదుట వెంట్రుకకన్నా పలుచని పొర, రెంటి మధ్య విద్యుత్తు. అది పని చేయడానికి సాధారణంగా 48 వోల్టులు తీగలోంచే అందించాలి. పొర తేలిక కాబట్టి ఊపిరి కూడా తప్పించుకోదు. పైస్థాయి ధ్వనులు నిగనిగలాడతాయి. అందులోనూ మనలాంటి వాళ్ళు కొనే చౌక రకాల్లో కొన్నింటికి 8,000 నుంచి 12,000 హెర్ట్జుల మధ్య కాస్త ఎత్తు పెట్టి ఉంచుతారు, వినగానే "ఆహా" అనిపించడానికి. మన "స", "శ", "ష", "చ"ల సుయ్యిమనే భాగం 5,000 నుంచి 8,000 చుట్టుపక్కలా, ఆ పైనా ఉంటుంది. మా చెల్లెలి గొంతులో అది ముందే దండిగా ఉంది. ఉన్నదానికి ఇంకా పెడితే సూది గుచ్చక ఏమవుతుంది? పులుసులో చింతపండు సరిపోయాక నిమ్మకాయ పిండినట్టు.

ఈ రెండింటికీ ఇంకొక గుణముంది. దిక్కుతో వినే మైకులు, అంటే ముందున్నదాన్ని ఎక్కువ, వెనకున్నదాన్ని తక్కువ వినేవి, నోటికి దగ్గరౌతున్న కొద్దీ కింది స్థాయిని పెంచేస్తాయి. జానెడు దూరంలో మామూలుగా ఉన్న గొంతు పెదవులకు ఆనిస్తే బానలోంచి వచ్చినట్టు మారుతుంది. సన్నగొంతుకు అది బలం. రేడియోలో వార్తలు చదివేవారికి అది ఠీవి. ముందే మంద్రంగా, లావుగా ఉన్న గొంతుకు అది బురద.

భాయ్ ఇంకొకటి చూపించాడు. మైకు తలకాయను పిడికిట మూసి, "గిట్ల పట్టుకుంటరు చూడున్రి, గదే గల్తీ" అన్నాడు. జాలీ వెనక భాగాన గాలికి దారులుంటాయి. వెనక చప్పుణ్ణి వద్దనగలిగే తెలివి ఆ దారుల వల్లనే వస్తుంది. చేత్తో మూస్తే మైకు దిక్కు మరచిపోయి నాలుగు వైపులా వింటుంది. స్పీకర్లో వచ్చే తన గొంతునే తాను విని, మళ్ళీ స్పీకర్లోకి పంపి, మళ్ళీ విని, చివరికి కూత పెడుతుంది.

నేను ఆ బల్ల మీద కాసేపు అలాగే కూచుండిపోయాను. భాయ్ చాయ్ తెప్పించాడు. చాయ్ చల్లారింది. 1983లో నేను చేసిన పనులు రెండే. పెదవులకు ఆనించాను, పిడికిట మూశాను. రెంటికీ గొంతుతో ఏ సంబంధమూ లేదు.

ఈ సందర్భాన చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు మైకు లేదు. పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడితే ఆ శబ్దపు బలంతోనే సూది కదిలి మైనం మీద గాడి పడేది. మెత్తని గొంతులు సూదిని కదపలేవు. మన పద్యనాటకాల వాళ్ళు, హరికథకులు కూడా అంతే, ఆఖరి వరుస దాకా గొంతుతోనే అందుకోవలసినవారు. 1925లో విద్యుత్తుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక కథ మారింది. చెవి దగ్గర చెప్పినట్టు పాడే గొంతుకు మొదటిసారి చోటు దొరికింది. ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ లాంటి మెత్తని గొంతులు ఇంటింటికీ చేరాయంటే మధ్యలో మైకు అనే వంతెన ఉండబట్టే. మైకు వచ్చింది గొంతు కోసం. అది ఎప్పుడు తిరగబడి గొంతులను పరీక్ష పెట్టి పనికిరావు పొమ్మనడం మొదలుపెట్టిందో గాని, మనం మాత్రం దాన్ని జడ్జీగా ఒప్పేసుకొన్నాం.

మా పక్కనే మాచనూరులో సంగం రేడియో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళది, 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జుల మీద ప్రసారం మొదలుపెట్టింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత స్త్రీలు దాన్ని నడిపి పేరు తెచ్చారు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత ఇలాంటి వాటికి దారి ఏర్పడింది. ఝరాసంగం వెళ్ళినప్పుడు ఒకసారి ఆ రేడియో విన్నాను. ఎవరో ముసలామె పాడుతోంది. మధ్యలో దగ్గింది. మళ్ళీ అందుకొంది. ఆ దగ్గును ఎవరూ కోసేయలేదు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. మొన్న అమ్మను డబ్బా ముందు కూచోబెట్టి "కదలకమ్మా, దగ్గకమ్మా" అన్నాక ఆ దగ్గు మళ్ళీ మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

భాయ్ దగ్గర రెండు మైకులు అరువు తెచ్చుకొన్నాను. ఒకటి ఎస్.ఎం. 58, జాలీ సొట్టపోయి, ఎన్ని బారాత్‌లు చూసిందో ఏమో. రెండోది కాలరుకు తగిలించుకొనే చిన్నది, కందిగింజంత. ఇలాంటి కాలరు మైకుల్లో ఎక్కువ భాగం ఎలెక్ట్రెట్ రకం, అంటే కండెన్సరుకు చిన్న తమ్ముడు. పొరలోనో పలకలోనో విద్యుత్తును శాశ్వతంగా నిలిపి ఉంచే ఈ ఉపాయాన్ని 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు సాధించారు. మాకు కావలసిన గుణమేమిటంటే, ఈ చిన్నది అన్ని దిక్కులా వింటుంది, అందుచేత దగ్గరైనా దూరమైనా కింది స్థాయి ఉబ్బదు. తల ఇటు తిప్పినా అటు తిప్పినా గొంతు రంగు మరీ పెద్దగా మారదు.

మైకులకన్నా ముందు గది పని చూశాను. ఇది మీలో హాస్టల్ గదుల్లో రికార్డు చేసుకొనేవాళ్ళు శ్రద్ధగా వినండి, దీనికి డబ్బు అక్కరలేదు. రాతిగది వదిలి, బట్టల బీరువా, వడ్లబస్తాలు ఉన్న లోపలి కొట్టులోకి మారాం. పాడేవాళ్ళ వెనక దండెం కట్టి రెండు బొంతలు వేలాడేశాను. చాలామంది బొంత మైకు వెనక కడతారు. ముందు మాత్రమే వినే మైకుకు తన ఎదురుగా, అంటే పాడేవాడి వెనక ఉన్న గోడే ఎక్కువ వినిపిస్తుంది, కాబట్టి ముందు అక్కడ కట్టాలి. ఇక దూరం. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపయితే గొంతు బలం సగమవుతుంది, అంటే 6 డెసిబెల్లు తగ్గుతుంది. గది చప్పుడు మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే ఒక జానెడు నుంచి రెండు జానలకు జరిగితే గది రెట్టింపు వినిపించినట్టే. "ప", "భ" అన్నప్పుడు వచ్చే గాలిదెబ్బకు చెల్లెలి పాత మేజోడు ఒకటి ఎంబ్రాయిడరీ చట్రానికి బిగించి అడ్డం పెట్టాను. మైకును నోటికి నేరుగా కాకుండా నోటి కొసకు రవ్వంత పక్కగా పెడితే సగం బాధ దానికదే పోతుంది.

ఇప్పుడు ఎవరి గొంతుకు ఏది? ఇక్కడే మనిషి మోసపోతాడు. మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది, గాలి ద్వారా, తల ఎముకల ద్వారా. ఎముకలు కింది స్థాయిని కలిపి లావుగా వినిపిస్తాయి. మైకులో ఎముకలు లేవు. అందుకే రికార్డులో మన గొంతు మనకే పరాయిదిగా, పలుచగా తోస్తుంది. అప్పుడు మనం మన గొంతుకు తగ్గ మైకును కాక, మన తలకాయలో మోగే గొంతును తెచ్చిపెట్టే మైకును వెదుకుతాం. దొరకదు. ఇంకొకటి, ఏది రవ్వంత గట్టిగా వినిపిస్తే అది మంచిదనిపిస్తుంది. కాబట్టి వినేవాళ్ళు వేరే మనిషి కావాలి, ఏది ఏ మైకో వాళ్ళకు తెలియకూడదు, అన్నీ ఒకే బలంతో ఉండాలి.

పెళ్ళికూతురికే ఆ పని అప్పగించాను. మూడు మైకులు, మూడు గొంతులు, తొమ్మిది ముక్కలు. నిజానికి రెండే గొంతులు కావాలి. అమ్మ పాడితే చెల్లె వంత అందుకోవాలి, అంతే. కాని మైకులు పరీక్షించడానికి ఒక లావు గొంతు కూడా ఉంటే తేడా బాగా తెలుస్తుందని, ఎవరూ లేనప్పుడు కొట్టు తలుపు వేసుకొని నేనూ నాలుగు వరుసలు పాడి కలిపాను. లెక్క సరిపోవాలని మాత్రమే. ఈ మాట నేను మా చెల్లెలితో నాలుగుసార్లు చెప్పాను.

అన్నీ ఒకే పాట, అప్పగింతలదే. అందులో "స", "చ" బాగా ఉన్నాయి, "భ" ఉంది, కిందికి దిగే చోటు, పైకి లేచే చోటు రెండూ ఉన్నాయి. ఎవరి సులువైన పాటతో మైకును పరీక్షిస్తే ఏ మైకయినా ప్యాసవుతుంది. గొంతు ఇబ్బంది పడే చోటే చూడాలి. రికార్డులో మట్టం పైదాకా ఎక్కకుండా, అత్యున్నతానికి పది పన్నెండు డెసిబెల్లు కిందనే ఉండేటట్టు చూసుకొన్నాను. తరువాత పెంచుకోవచ్చు గాని చిట్లిన గొంతును అతికించలేం.

రెండు రోజులకు జవాబొచ్చింది. వాళ్ళమ్మ గొంతుకు ఐదో నంబరు బాగుంది అంది. చూస్తే అది సొట్టపోయిన ఎస్.ఎం. 58. పై అంచు కాస్త బద్ధకించడం వల్ల ఆ సూదులన్నీ మెత్తబడి, కంచు గొంతు గట్టితనం మాత్రం మిగిలింది. చెల్లెలు మూతి ముడుచుకొంది. "అంటే ఏందన్నా, గా బంగారు జాలీది నాకు పనికిరాదా? గీ వంకాయ లెక్కున్నదేనా నాకు?" నీకు బంగారం ముందే ఉందమ్మా అన్నాను. నమ్మలేదు. వినిపించాను. విని ఊరుకొంది, కాని బంగారు జాలీ వైపు ఇప్పటికీ ఒకలా చూస్తుంది.

అమ్మకు కాలరు మైకు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. దాన్ని చీర అంచుకు తగిలించి, తీగను ఫోనుకు కలిపి, ఫోను బొడ్లె చెక్కేశాక పది నిమిషాల్లో అమ్మ దాని సంగతే మరచిపోయింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పాడింది. అమ్మ ఎప్పుడూ చేతికి పని లేకుండా పాడలేదని మాకు అప్పుడే గుర్తొచ్చింది. ఒకటే జాగ్రత్త. ఉత్త చీర అయితే రాపిడి చప్పుడు పడుతుంది. మైకు కింద దూది పెట్టి, చీర మడతను పిన్నుతో బిగించాం. అయినా అక్కడక్కడ కాయ విరిగిన చప్పుడు పడింది. ఉండనిమ్మన్నాను.

మూడో గొంతు గురించి పిల్ల ఏమీ రాయలేదు. సరే, లెక్కకోసమే కదా అనుకొన్నాను. మర్నాడు ఫోను చేసింది.

"మామా, ఏడో నంబర్ ఎవరు పాడారు?"

ఏడు కండెన్సర్. జానెడున్నర దూరం, నోటికి పక్కగా. నా గొంతులో మంద్రం ఎటూ దండిగా ఉంది, దూరం వల్ల అది ఉబ్బలేదు. నాకు లేనిది పైన నిగనిగ, అక్షరం అంచు. మా చెల్లెలికి సూది అయిన అదే ఎత్తు నా మాటకు పదును పెట్టింది. అదే మైకు. అదే గది.

"ఏం, బాగా లేదా?" అన్నాను.

"అది కాదు, ఎవరని. ఊళ్ళో ఎవరన్నా పాటగాణ్ణి పిలిచారా?"

ఆ పిల్లకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎత్తుకొని తిప్పాను, బడికి పంపాను, సైకిలు నేర్పాను. నా పాట ఒక్కసారి కూడా వినలేదు. ఏం చెప్పాలో తోచక ఫోను వాళ్ళమ్మ చేతికిచ్చాను. చెల్లెలు నా వైపు చూసుకొంటూ, "మీ మామనే" అంది. అవతల కాసేపు మాట లేదు.

అమ్మ పక్కనే ఉంది. చెవులు కాస్త మందమైనా కావలసినవి వినిపిస్తాయి. "వీడు మంచిగ పాడుతుండె గదనే" అంది చెల్లెలితో, నేను అక్కడ లేనట్టు. "కాలేజికి పోయొచ్చినంక బంద్ జేసిండు. ఏమైందో ఎన్నడు చెప్పలే. నేను అడగలే."

అసలు రికార్డింగు తరువాతి ఆదివారం జరిగింది. తెల్లవారుజామున, చిలకలు లేవకముందు. అమ్మ బస్తాకు ఆనుకొని, చీరకు కందిగింజ మైకుతో. చెల్లెలు ఎస్.ఎం. 58కు నాలుగు వేళ్ళ దూరంలో, అమ్మకు ఎదురుగా, ఎందుకంటే అమ్మ ఎవరి మొహమన్నా చూస్తే గాని పాట ఎత్తుకోదు. ఇద్దరికీ పక్కగా, బంగారు జాలీ ముందు నేను. మూడు గొంతులు మూడు దారుల్లో విడివిడిగా పడితే తరువాత ఎవరిది ఎంత ఉండాలో సర్దుకోవచ్చు. ఒకరి గొంతు ఇంకొకరి మైకులోకి కొంత కారుతుంది, అది తప్పదు. సమయం కలపడానికి మొదట అమ్మ చేత ఒక చప్పట్టు కొట్టించాను. సినిమా వాళ్ళు పలక కొట్టేది అందుకే. అమ్మకు అది బాగా నచ్చి మూడు కొట్టింది.

పాడింది. మేము అందుకొన్నాం. కన్నడం చరణాల దగ్గరకు వచ్చేసరికి చెల్లెలికి మాటలు తప్పిపోయాయి. నాకు మాత్రం, నలభై ఏళ్ళుగా తలవని మాటలు, ఒక్కటి పొల్లుపోకుండా వచ్చాయి. అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకొని నా వైపు చూసింది, కాని పాట ఆపలేదు. చివరి వరుసలో కోహీర్ దక్కన్ స్టేషను నుంచి రైలు కూత వేసింది. మూడు మైకుల్లోనూ పడింది, బంగారు జాలీలో అన్నింటికన్నా స్పష్టంగా.

"ఇంకోసారి పాడాల్నా?" అంది చెల్లె.

అమ్మ కాయ విరిచి గిన్నెలో వేసింది. "రైలు గూడ పోనియ్యి పెండ్లికి" అంది.

అలాగే పంపించాను.